పైడమ్మ దోషం

రాష్ట్ర కుళాయిల కార్పొరేషన్ వారి కుళాయి కారుతుంది. ఇందులో దాపరికం ఏమీ లేదు. ఫ్యాక్టరీ పెట్టిన నాటి నుంచీ కారుతూనే ఉంది. ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు మొదటి కుళాయిని తిప్పి, మళ్ళీ కట్టేసి, దాని పక్కనే నిలబడి ఉపన్యాసం అందుకున్నారు. ఉపన్యాసం అయ్యేసరికి ఆయన చెప్పులు తడిసి ముద్దయ్యాయి. గంగమ్మ తల్లి తనంతట తానే దిగివచ్చిందని మురిసిపోయి ఆయన కారెక్కారు. అప్పట్నుంచీ ఆ తల్లి దిగుతూనే ఉంది. ఆపుదామని ఎవరూ అనుకోలేదు.

అయితే ఆ కారడంలో ఒక పద్ధతంటూ ఉండేది కాదు. ఒకటి బొట్లుబొట్లుగా కారేది. ఒకటి దారంలా సాగేది. ఇంకోటి రెండు రోజులు బుద్ధిగా ఉండి, మూడో రోజు పిడితో సహా చేతికి ఊడొచ్చేది. సర్కారు ఆస్పత్రుల వాళ్ళూ హాస్టళ్ళ వాళ్ళూ ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పంపేవారు. వేరేచోట కొనుక్కోవడానికి రూల్సు ఒప్పుకోవు గనక పంపి ఊరుకునేవారు.

అలాంటి రోజుల్లో విశ్వంభరరావు గారు ఊడిపడ్డారు. ఆయన ఢిల్లీలో ఆర్నెల్లు కూర్చుని లెక్కల సాయంతో సరుకు బాగుచేసే శాస్త్రం నేర్చుకొచ్చిన మనిషి. మెడలో స్టాప్‌వాచీ, జేబులో అంకెల పుస్తకం, మొహం మీద జాలి. వస్తూనే స్టోర్సు గది ఖాళీ చేయించి 'గణాంక నాణ్యతా విభాగం' అని బోర్డు కొట్టించారు. స్టోర్సు సామాను వరండాలోకి వచ్చి వానకు తడిసింది. అది వేరే విభాగం సంగతి.

మర్నాడు కార్మికులందర్నీ క్యాంటీన్ షెడ్డులో కూర్చోబెట్టి అడిగారు.

"నాణ్యత అంటే ఏమిటి?"

"కారకపోవడం సార్" అన్నాడు వెనక నుంచి ఎవడో.

విశ్వంభరరావు గారు చిన్నపిల్లాడి తప్పును క్షమించినట్టు నవ్వారు. "అది అభిప్రాయం. శాస్త్రానికి అభిప్రాయాలుండవు. నాణ్యత అంటే స్థిరత్వం. నిన్న ఎలా ఉందో ఇవాళ అలా ఉండడం, ఇవాళ ఎలా ఉందో రేపు అలా ఉండడం. మీ కుళాయి కారడం నాకు అభ్యంతరం కాదు. ఒక్కోటి ఒక్కో రకంగా కారడం, అదీ నా అభ్యంతరం."

మూడొందల మంది ఊపిరి పీల్చుకున్నారు. ఇన్నేళ్ళకు తమను అర్థం చేసుకున్న ఆఫీసరు దొరికాడనుకున్నారు.

ఆయన నెల రోజులు కుళాయిల ముందు కూర్చుని చుక్కలు లెక్కపెట్టారు. సగటున నిమిషానికి పద్నాలుగు తేలాయి. కార్పొరేషన్ చుక్కంటే మామూలు చుక్క కాదు, ఒక్కోటి గుక్కెడు నీళ్ళు. గోడంత కాగితం మీద పద్నాలుగు దగ్గర నల్లగీత గీశారు. పైన పంతొమ్మిది దగ్గర ఒక ఎర్రగీత, కింద తొమ్మిది దగ్గర ఇంకో ఎర్రగీత. ఇక లెక్కపెట్టిన ప్రతి కుళాయికీ ఆ కాగితం మీద ఒక సిరా చుక్క.

"ఈ రెండు ఎర్రగీతల మధ్య ఏం జరిగినా అది దైవాధీనం. దాని జోలికి మనం పోము. గీత దాటిందా, దానికి ఒక కారణం ఉంటుంది. ఆ కారణాన్ని పట్టుకుని తొలగించాలి. శాస్త్రమంతా ఇంతే" అన్నారు.

శాస్త్రం మీద మనకేం కోపం లేదు. ఎక్కడో ఎవరో బుద్ధిమంతులు మంచికే కనిపెట్టి ఉంటారు. ఆ గీతలు ఎక్కడ గీసుకోవాలో కూడా వాళ్ళు చెప్పే ఉంటారు. ఢిల్లీ నుంచి వచ్చేటప్పుడు ఆ కాస్త ముక్కా రైల్లో జారిపోయి ఉంటుంది.

ఏడాది తిరిగేసరికి కార్పొరేషన్ కుళాయిలన్నీ ఒక్క తాళంలో కారడం మొదలుపెట్టాయి. ధారగా కారేవాటిని పగలగొట్టి మళ్ళీ కరిగించారు. ఫిర్యాదులు సగానికి పైగా పడిపోయాయి. పక్కింటి కుళాయి కూడా అంతే కారుతుంటే మనిషికి బాధేముంటుంది? ఆస్పత్రుల్లో నర్సులు కుళాయి వింటూ రోగి నాడి చూడటం అలవాటు చేసుకున్నారని మేనేజింగ్ డైరెక్టరు ఆనందభూషణం గారు ఒక సభలో గర్వంగా చెప్పారు. దసరా వెళ్ళాక జాతీయ స్థిరత్వ పతకం కమిటీ వస్తుందని కబురొచ్చింది. ఎర్రగీతలు దాటిన చుక్క ఒక్కటి కూడా కాగితం మీద లేకుండా ఆర్నెల్లు గడిస్తే పతకం. ఐదు నెలలు గడిచాయి.

ఆ ఆరో నెలలో గొర్లె సన్యాసయ్య ఇల్లు కట్టుకున్నాడు.

సన్యాసయ్య అసెంబ్లీ షాపులో ఫిట్టరు. పెద్ద పనిమంతుడేం కాదు. అందరిలాంటివాడే. టీ గంటకి కాస్త ముందు లేచేవాడు, హూటరుకి ఇంకాస్త ముందు చేతులు కడుక్కునేవాడు. ఆఫీసరు కనపడితే చేతిలో స్పానరు ఉన్నా లేకపోయినా బిగిస్తున్నట్టు చెయ్యి తిప్పేవాడు. ఇల్లు ఎర్రమెట్ట మీద. మున్సిపాలిటీ నీళ్ళు అక్కడికి రోజు విడిచి రోజు, అదీ ఎక్కలేక ఎక్కలేక వస్తాయి. మేడ మీద నల్ల ట్యాంకులో పట్టుకుని రెండు రోజులు సర్దుకోవాలి. అయిపోతే మెట్ట దిగి బోరింగు దగ్గర్నుంచి మోసుకోవాలి. సన్యాసయ్య భార్య పైడమ్మకు కుడి మోకాలు అరిగిపోయింది. అద్దె కొంపలో ఇరవై ఏళ్ళు ఆ మోకాలితోనే బిందెలు మోసింది.

ఇల్లు లేస్తున్నన్నాళ్ళూ ఆవిడ గుమ్మం గురించి అడగలేదు, రంగు గురించి అడగలేదు. ఒకటే అడిగింది.

"మావా, మీ ఫ్యాక్టరీ కుళాయి మాత్రం ఎట్టకు. తెల్లారేసరికి ట్యాంకీ ఖాళీ అయిపోద్ది. కారంది ఒకటి తే. ఒక్కటి సాలు."

"అదేం పెద్ద పనా" అన్నాడు సన్యాసయ్య.

నిజంగానే పెద్ద పని కాదు. కుళాయి కారేది లోపల వాషరు కూర్చునే పీట గరుకుగా ఉండబట్టి. దాన్ని సన్న గరుకు కాగితంతో కాసేపు రుద్ది, బజారు నుంచి తెచ్చిన తోలు వాషరు వేస్తే చుక్క పడదు. ఈ సంగతి ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు, ఊడ్చే మనిషితో సహా. తెలుసు గనకే షాపులో ఒక ఆచారం ఉండేది. ఎవరింట గృహప్రవేశమైనా తలా ఒక చెయ్యి వేసి ఒక మంచి కుళాయి చేసి ఇచ్చేవారు. మంచి సరుకు గేటు దాటదు. సిబ్బందికి అమ్మేది రిజెక్టు సరుకే, శనివారం శనివారం తూకానికి. అందుకని ఆ మంచి కుళాయికి ఎర్రరంగు పూసి రిజెక్టు పెట్టెలో పడేసేవారు. శనివారం నాడు ఇంటాయన వచ్చి ఏమీ ఎరగనట్టు ఏరుకుని పట్టుకుపోయేవాడు. ఇన్నేళ్ళలో ఈ ఫ్యాక్టరీలో తయారైన మంచి కుళాయిలన్నీ రిజెక్టు ముద్రతోనే బయటికి వెళ్ళాయి.

సన్యాసయ్య కుళాయి అందరిదానికన్నా బాగా కుదిరింది. మురిపెం ఆపుకోలేకపోయాడు. మనవాళ్ళకు ఇంట్లోకి ఏ ఇత్తడి సామాను వచ్చినా పేరు కొట్టించనిదే తృప్తి ఉండదు. చెంబు మీద, బిందె మీద, ఆఖరికి అట్లకాడ మీద కూడా. సన్యాసయ్య సన్నమేకు తీసుకుని చుక్కలు చుక్కలుగా కుళాయి మెడ మీద 'గొ. పైడమ్మ' అని కొట్టాడు. ఎర్రరంగు పూసి పెట్టెలో పెట్టాడు. బుధవారం అది.

గురువారం విశ్వంభరరావు గారికి ఒక ఆలోచన వచ్చింది. మంచి సరుకులోంచే కాదు, రిజెక్టు సరుకులోంచి కూడా నమూనా తియ్యాలని. రిజెక్టు చేసినవి సరిగ్గానే రిజెక్టు అయ్యాయో లేదో తెలియవద్దూ? అంకెల పుస్తకం తెరిచి, కళ్ళు మూసుకుని వేలు పెట్టి, తగిలిన అంకెల ప్రకారం పెట్టెలోంచి ఐదు కుళాయిలు తీయించారు. బల్ల మీద బిగించి నీళ్ళు వదిలారు. నాలుగు ధారలు కట్టాయి. ఐదోది ఉలకలేదు.

ఆయన వాచీని చెవి దగ్గర పెట్టుకుని చూశారు. నడుస్తోంది.

"నీళ్ళు వస్తున్నాయా?"

"వస్తున్నాయి సార్" అన్నాడు ఫోర్‌మన్ లోకనాథం.

"మరి కారదేం?"

"అదే తెలీడం లేదు సార్" అన్నాడు లోకనాథం, అన్నీ తెలిసి.

మళ్ళీ ఒక నిమిషం చూశారు. సున్నా. కింది ఎర్రగీతకు అంత దిగువన చుక్క పెట్టాలంటే కాగితంలో చోటు లేదు. కింద ఇంకో కాగితం అంటించి పెట్టారు. పెట్టి వెనక్కి నడిచి దూరం నుంచి చూశారు. మొహం పాలిపోయింది.

"ప్రక్రియ అదుపు తప్పింది! హూటరు కొట్టండి!"

హూటరు మోగింది. లేతులు ఆగాయి, కొలిమి ఆగింది. మంటలంటుకున్నాయేమో అని క్యాంటీన్ వాళ్ళు బక్కెట్లతో పరిగెత్తుకొచ్చారు. ఆనందభూషణం గారు బంగళా నుంచి లుంగీ మీద దిగారు.

"ఎన్ని పోయాయి?" అన్నారు.

"ఏమీ పోలేదు సార్. ఒకటి... కారడం లేదు."

"ఒక్కటేనా?"

"ఒకటి చాలు సార్. పతకం పోవడానికి."

విశ్వంభరరావు గారు కుళాయిని రుమాలుతో పట్టుకుని దీపం దగ్గర తిప్పి చూశారు. మెడ మీద అక్షరాలు కనిపించాయి. హాజరు పట్టీ తెప్పించి వెతికారు. ఆ పేరుతో మనిషి లేదు. సరఫరాదార్లలో లేదు. సాయంత్రానికి నోటీసు బోర్డు మీద కాగితం పడింది: 'పైడమ్మ అను కారణమును వెంటనే గుర్తించి తొలగించవలెను.'

సన్యాసయ్యకు అన్నం సహించలేదు. షాపులో మాత్రం ఎవరి సరదా వారిది.

"బావా, మా అప్పని తొలగిస్తారట" అన్నాడు లేతు దగ్గర కుర్రాళ్ళలో ఒకడు.

"తొలగించి ఊరుకుంటారేటి, బదులు కొత్తదాన్ని ఇస్తారేమో అడుగు" అన్నాడు ఇంకొకడు.

"నోర్ముయ్యండ్రా. ఎవరి నోట్లోంచి అయినా పేరు బయటికొచ్చిందో, మీ ఇళ్ళలో కుళాయిలు ఎక్కడివో నేనూ చెప్తాను" అన్నాడు సన్యాసయ్య. అంతటితో అందరూ పనిలో పడ్డారు.

గత్యంతరం లేక యూనియన్ సెక్రటరీ బలరాం దగ్గరికి వెళ్ళాడు. బలరాం సిగరెట్టు దులుపుతూ అంతా విన్నాడు.

"తప్పు చేశావు సన్యాసీ. ఒక కార్మికుడు మంచి కుళాయి చేశాడంటే మిగతా మూడొందల మందికీ అది వెన్నుపోటు. రేపు యాజమాన్యం 'వాడు చేసినట్టు మీరూ చెయ్యండి' అంటే మన గతేంటి? యూనియన్ ఇన్నేళ్ళు పోరాడి సాధించింది ఏమిటి?"

"ఏమిటన్నా?"

"పద్నాలుగు చుక్కలు" అన్నాడు బలరాం. "అయినా నువ్వు మనవాడివి. వాదిస్తాను."

ఇంట్లో సంగతి ఇంకో రకం. ఆదివారం తెల్లారి ముహూర్తం. పాలు పొంగించడం, వ్రతం అన్నీ అయ్యాయి. కుళాయి ఉండాల్సిన చోట గుడ్డ కుక్కిన గొట్టం ఉంది. పైడమ్మ అడిగినప్పుడల్లా సన్యాసయ్య "రేపు" అన్నాడు. సోమవారం దాకా విని, మంగళవారం ఆవిడ చీర కొంగు దోపుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగింది.

"ఎవరు నువ్వు?" అన్నాడు వాచ్‌మన్.

"గొర్లె పైడమ్మని."

వాచ్‌మన్ రెండడుగులు వెనక్కి వేశాడు. "అమ్మా, ఆ కారణం నువ్వేనా?"

మరో నిమిషంలో ఆవిడ కమిటీ హాల్లో ఉంది. పొడుగాటి బల్ల, అటువైపు ఆనందభూషణం గారు, విశ్వంభరరావు గారు, నీళ్ళ గ్లాసులు. బల్ల మధ్యలో తెల్లగుడ్డ మీద ఆవిడ కుళాయి.

"మీరు ఏ విభాగంలో పని చేస్తున్నారు?" అన్నారు విశ్వంభరరావు గారు.

"నానా? ఇంట్లో బాబూ."

"ఇంట్లో ఏ విభాగం?"

"అన్నీ నానే." ఆవిడ కుళాయి వైపు చెయ్యి చాపింది. "అది నాదే. పేరుంది సూడండి. ఇచ్చేస్తే ఎల్లిపోతాను. పొయ్యి మీద పప్పెట్టొచ్చినాను."

"అమ్మా, ఇది లోపం ఉన్న కుళాయి" అన్నారు ఆనందభూషణం గారు.

"ఏటి లోపం?"

"కారడం లేదు."

బాబు సరదా మనిషనుకుని పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎదురుగా ఎవరూ నవ్వలేదు. ఆవిడకు అప్పుడు భయం వేసింది. భయం వేస్తే ఆవిడకు మాట ఆగదు.

"కారకపోతే లోపమయితే, మరి మీ బంగళాలోవేటి బాబూ? అవీ కారవు కదా. మావోడూ లోకనాథం బావూ పీటలు రుద్ది మరీ బిగించినారు. ఆయేల మీ అమ్మగారు బూరెలు కూడా పెట్టినారు."

ఆనందభూషణం గారు తలెత్తి ఫ్యానుకేసి చూశారు. తలుపు దగ్గర నిలబడ్డ లోకనాథం తలుపు వెనక్కి జరిగాడు. విశ్వంభరరావు గారు గొంతు సవరించుకున్నారు.

"సార్, బంగళా వేరే జనాభా."

"అంటే?"

"రెండు వేర్వేరు జనాభాలను కలిపి సగటు కట్టకూడదు సార్. శాస్త్రం ఒప్పుకోదు. ప్రజల కుళాయిలు ఒక జనాభా. తమరివి ఇంకో జనాభా."

"నేనూ అదే అనుకుంటున్నాను" అన్నారు ఆనందభూషణం గారు. ఆయనకు ఊపిరి తిరిగొచ్చింది. "రాసుకోండి."

'మావోడు' అన్న ముక్క కూడా రాసుకున్నారు. పది నిమిషాల్లో సన్యాసయ్య టోపీ చేతిలో పట్టుకుని భార్య పక్కన నిలబడ్డాడు. బలరాం వెనకాలే వచ్చాడు.

"నేనే సార్. పీట రుద్దాను."

"రుద్దడం ప్రక్రియలో ఉందా?" అన్నారు విశ్వంభరరావు గారు.

"లేదు సార్."

"మరి ఎందుకు రుద్దావు?"

"కారకుండా ఉండడానికి సార్."

"విన్నారా సార్! ఉద్దేశపూర్వకంగా!"

బలరాం ముందుకొచ్చాడు. "అయ్యా, యూనియన్ తరఫున మనవి. ఇతనికి ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఒక్కనాడు కూడా మంచి సరుకు చేసిన మచ్చ లేదు. ఏదో ఇల్లు కట్టుకున్న సంబరంలో, క్షణికావేశంలో చేశాడు. కుటుంబం ఉంది. దయచేసి మానవత్వంతో చూడండి."

"మానవత్వం అంటే?" అన్నారు ఆనందభూషణం గారు.

"ఇంకెప్పుడూ చెయ్యడు."

"ఆ సంగతి మాటలతో తేలదు" అన్నారు విశ్వంభరరావు గారు. "పరీక్ష పెట్టాలి. మన సమక్షంలో మూడు కుళాయిలు బిగిస్తాడు. మూడూ గీతల మధ్య ఉంటే దైవాధీనం, వదిలేద్దాం. లేకపోతే కారణం ఇతనే. తొలగించాలి."

తొలగించడం అంటే ఏమిటో గదిలో అందరికీ తెలుసు. ఆ వయసులో, ఆ ఫ్యాక్టరీ పేరు చెప్పుకుని ఇంకోచోట పని దొరకదు. పైడమ్మ ఇంక కుళాయి మాట ఎత్తలేదు. మొగుడి చొక్కా అంచు పట్టుకుని నిలబడింది.

మర్నాడు షాపు మధ్యలో బల్ల వేశారు. మూడొందల మంది చుట్టూ మూగారు. సన్యాసయ్యకు రాత్రంతా లోకనాథం పాఠం చెప్పాడు. ఎక్కువ బిగించకు, తక్కువ బిగించకు, ఎప్పుడూ ఎలా చేస్తావో అలా చెయ్యి. కష్టమేమిటంటే ఎప్పుడూ ఎలా చేస్తాడో సన్యాసయ్య ఎప్పుడూ చూసుకోలేదు. ఇరవై రెండేళ్ళూ అతని చేతులు ఒక పక్క పని చేసేవి, అతను ఒక పక్క కబుర్లు చెప్పేవాడు. ఇప్పుడు మొదటిసారి తన చేతులకేసి చూసుకున్నాడు. అవి వణుకుతున్నాయి.

మొదటి కుళాయి ధార కట్టింది. విశ్వంభరరావు గారు లెక్కపెట్టలేక చెయ్యి ఎత్తేశారు. "పైగీత దాటింది. ఇది విధ్వంసం!"

సన్యాసయ్య ఒళ్ళంతా చెమట. రెండోది అలా కాకూడదనుకున్నాడు. జాగ్రత్తగా, ఎంతో జాగ్రత్తగా బిగించాడు. వాషరు పీట మీద సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి మరీ చూశాడు. అదే ముప్పు తెచ్చింది. మూడంటే మూడు చుక్కలు పడ్డాయి.

"మళ్ళీ పైడమ్మ!" అని అరిచారు ఆనందభూషణం గారు. కార్మికులు 'హా' అన్నారు.

మూడోదానికి అతనికి ఆశ లేదు. ఆశ లేని మనిషి ఎలా బిగిస్తాడో అలా బిగించాడు. బల్ల కేసి కూడా చూడలేదు. గోడ మీద బల్లిని చూస్తున్నాడు.

"పదకొండు... పన్నెండు... పదమూడు... పద్నాలుగు!" విశ్వంభరరావు గారు వాచీ నొక్కారు. "పద్నాలుగు. సరిగ్గా సగటు. ఇంత అందమైన కుళాయి నేను చూడలేదు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మూడొందల మంది చప్పట్లు కొట్టారు. చప్పట్లలో నిజంగానే ఆనందం ఉంది.

తీర్పు సాయంత్రం వచ్చింది. విశ్వంభరరావు గారే చదివారు. "ఈ కార్మికుడు మంచివాడని చెప్పడానికి లేదు. చెడ్డవాడని చెప్పడానికీ లేదు. ఇతను అస్థిరుడు. ఇతని చేతులకు ఏ క్షణంలో ఏం తోస్తుందో శాస్త్రం చెప్పలేదు. కావున ఇతని చేతులను ప్రక్రియ నుంచి తొలగించడమైనది. మనిషిని నాణ్యతా విభాగంలో సహాయకుడిగా వేయడమైనది. అక్కడ ఏమీ తయారు చేయనక్కర్లేదు."

సన్యాసయ్యకు కుర్చీ వచ్చింది. నెత్తిమీద ఫ్యాను వచ్చింది. మెడలో స్టాప్‌వాచీ వచ్చింది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చుక్కలు లెక్కపెట్టడం పని. మొదటి వారం నిద్రొచ్చింది. రెండో వారం కుళాయి వంక చూడకుండానే అంకె చెప్పేశాడు. నెల తిరిగేసరికి, "ఇది పదిహేడు కడుతుంది, ఎవడో ఒళ్ళు దగ్గర పెట్టుకోకుండా చేశాడు" అని తన పాత స్నేహితుల్ని కసురుకోవడం నేర్చాడు.

సున్నా చుక్క రిజెక్టు పెట్టెలోది గనక, రిజెక్టు సరిగ్గానే అయింది గనక, అది లెక్కలోకి రాదని విశ్వంభరరావు గారు తేల్చారు. అంటించిన కాగితం చింపేశారు. జాతీయ కమిటీ వచ్చింది, గోడ మీద గీతలు చూసింది, కుళాయి తిప్పకుండానే పతకం ఇచ్చి వెళ్ళింది. పైడమ్మ కుళాయిని అద్దాల పెట్టెలో పెట్టి, కింద 'ఇలా జరగకూడదు' అని చీటీ అంటించారు. కొత్తగా చేరిన ఇంజనీర్లను తీసుకొచ్చి దాన్ని చూపించేవారు. వాళ్ళు నోట్సు రాసుకునేవారు. ఆ మాట మెల్లగా ఊళ్ళు దాటింది. "మాకు ఈ నెల రెండు పైడమ్మ దోషాలు వచ్చాయండీ, మీకెలా ఉంది?" అని వేరే ఫ్యాక్టరీల వాళ్ళు ఫోన్లో అడిగేవారు.

ఆ తర్వాత ఒక సర్క్యులరు వచ్చింది. నాణ్యతా విభాగం వారు నలుగురికీ ఆదర్శంగా ఉండాలి గనక, వాళ్ళ ఇళ్ళలో కార్పొరేషన్ కుళాయే బిగించాలి. విభాగం వారు చెప్పకుండా వచ్చి చుక్కలు లెక్కపెడతారు. గీత దాటిన ఇంటివారు తొలగించవలసిన కారణాల కింద లెక్క. గొట్టంలో గుడ్డ తీసి సన్యాసయ్య స్వయంగా కుళాయి బిగించాడు. ఎర్రమెట్ట మీద ట్యాంకు తెల్లారేసరికి ఖాళీ అవడం మొదలైంది. పైడమ్మ మెట్ట దిగడం, బిందె ఎత్తడం, నడుమ రెండుచోట్ల ఆగి మోకాలు పట్టుకోవడం మామూలే.

ఆదివారం కాఫీకి వస్తానని విశ్వంభరరావు గారు కబురు పెట్టారు. ఆయన ఎవరింటికీ కాఫీ కోసమే వెళ్ళరు.

శనివారం సాయంత్రం సన్యాసయ్య ఇంటికి వచ్చేసరికి పైడమ్మ పెరటి గట్టు మీద కూర్చుని ఉంది. మొహం వెలిగిపోతోంది.

"మావా, ఇలాగ రా. సూడు."

కుళాయి. కింద నేల పొడిగా ఉంది.

"మా తమ్ముడొచ్చినాడు మద్దేనం. నువ్వు రుద్దినట్టే రుద్దినాడు, తోలు వాషరు ఏసినాడు. సుక్క లేదు. ట్యాంకీ నిండుగా ఉంది మావా. రేపు నాను కిందకి దిగక్కర్లేదు."

సన్యాసయ్య మెడలో వాచీ తీసి నొక్కాడు. నిమిషం గడిచింది. ఇంకో నిమిషం గడిచింది. నేల పొడిగానే ఉంది. వీధి తలుపు వైపు ఒకసారి చూశాడు, గోడ మీదుగా పక్కింటి వైపు ఒకసారి చూశాడు.

"ఎవరైనా చూశారా?"

"ఏటి సూడ్డం?"

సన్యాసయ్య లోపలికెళ్ళి స్పానరు తెచ్చాడు. తోలు వాషరు పీకేసి జేబులో వేసుకున్నాడు. పెరట్లో మిగిలిన సిమెంటు ఇసుక చిటికెడు తీసి, బావమరిది నునుపు చేసిన పీట మీద వేసి గరగరా తిప్పాడు. పాత రబ్బరు వాషరు పెట్టి బిగించాడు. ఎక్కువా కాదు, తక్కువా కాదు. చేతులు ఏమాత్రం వణకలేదు. గట్టు మీద గొంతుక్కూర్చుని వాచీ నొక్కి పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. పద్నాలుగు.

పైడమ్మ లేచి నిలబడి అంతా చూసింది. ట్యాంకులో నీళ్ళు ఉండగానే కాగులోకీ గుండిగలోకీ పట్టుకుంది. అవి నిండినా రెండు రోజులకు చాలవు గనక ఖాళీ బిందె చంకనెత్తుకుని వీధి గుమ్మం దాటింది.

"భయం లేదు పైడీ" అన్నాడు సన్యాసయ్య వెనక నుంచి, తేలికపడ్డ గొంతుతో. "అదుపులోకి వచ్చేసింది."

"కుళాయి సంగతి నాకు తెల్దు మావా" అంది పైడమ్మ, వెనక్కి తిరక్కుండా. "నువ్వయితే అదుపులోకి వచ్చేసినావు."

మోకాలు పట్టుకుని మెట్ట దిగింది.